కలియుగ భీముడు మోసిన అసలు బరువు
బలంగీరులో ముగిసిన కోడి రామ్మూర్తి నాయుడు జీవితం

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో నేటికీ ఏ కుర్రవాడైనా ధాన్యం బస్తాను అవలీలగా భుజానికెత్తుకొంటే పక్కనున్న పెద్దలు కోడి రామ్మూర్తి పేరు తలవకుండా ఉండరు. మెచ్చుకోలుకూ ఆ పేరే, ఎగతాళికీ ఆ పేరే. ఆ పేరు తెలిసిన చాలామందికి తెలిసినవి మూడే సంగతులు: రొమ్ము మీద ఏనుగును నిలబెట్టుకొన్నాడు, ఇనుప గొలుసులు తెంచాడు, పరుగెత్తబోయే కార్లను పట్టి ఆపాడు. అంతటి మనిషి జీవితం చివర ఒంటికాలితో, సొంత ఊరికి దూరంగా, ఒరియా దేశంలోని ఒక సంస్థానం ఆదరణలో రోజులు వెళ్ళదీశారన్న సంగతి ఆ కథల్లో సాధారణంగా రాదు. చెప్పేవారికి ఏనుగు దగ్గర ఆగిపోవడమే ఇష్టం.

రామ్మూర్తి నాయుడు స్వగ్రామం వీరఘట్టం. పాలకొండకూ పార్వతీపురానికీ నడుమనున్న ఈ ఊరు ఆనాడు విశాఖపట్నం జిల్లాలోది. 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వెళ్ళింది. 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలోకి వచ్చింది. ఆయన పుట్టిన సంవత్సరం 1882 అని ఎక్కువమంది రాశారు. తండ్రి వెంకన్న నాయుడు. తల్లి చిన్ననాడే కన్నుమూసింది. తల్లిలేని పిల్లవాడని తండ్రి గారాబం చేశాడు. ఆ గారాబంలో బడి వెనకబడింది, ఒళ్ళు ముందుకు వచ్చింది. ఊరి పక్కన రాజచెరువు గట్టు మీద తెల్లవారుజామునే వెళ్ళి కసరత్తు చేయడం ఆ వయసులోనే అలవాటైందంటారు.

పిల్లవాడు చేయి దాటిపోతాడన్న భయంతోనో, నాలుగక్షరాలు వస్తాయన్న ఆశతోనో, తండ్రి ఆయనను విజయనగరంలో ఉన్న పినతండ్రి నారాయణస్వామి ఇంటికి పంపాడు. చదువు కోసం పంపితే దొరికింది వ్యాయామశాల!

అప్పటి విజయనగరం సామాన్యమైన ఊరు కాదు. పూసపాటి వారి కోట నీడలో సంగీతం, సాహిత్యం, నాటకం ఎంతగా పెరిగాయో సాము, కుస్తీ కూడా అంతగానే పెరిగాయి. గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ మొదటిసారి రంగమెక్కింది 1892లో ఆ ఊళ్ళోనే. ఆదిభట్ల నారాయణదాసు హరికథకు పేరు వచ్చిందీ ఆ ఊళ్ళోనే. ఇక చుట్టుపక్కల పల్లెల్లో సంక్రాంతికి, అమ్మవారి పండుగలకు సంగిడి రాళ్ళెత్తే పోటీలు, కర్రసాము, గరిడీలు ఉండనే ఉండేవి. దండీలు, బస్కీలు తీసి ఒళ్ళు పెంచడం ఆ ప్రాంతంలో కొత్త విద్య కాదు. రామ్మూర్తి కొత్తగా చేసింది ఒకటే: పల్లె పండుగలో ఒక పూట చూపి ఇంటికి పోయే బలాన్ని ఆయన బతుకుతెరువుగా మార్చుకొన్నారు. ఆయన ఎదుగుదలకూ, తర్వాత వచ్చిన కష్టాలకూ కూడా మూలం అక్కడే ఉంది.

విజయనగరంలో కుస్తీ పట్టారు. గోదాలో దిగి అనేకులను చిత్తు చేశారు. 21 ఏళ్ళు వచ్చేసరికి రొమ్ము మీద టన్నున్నర బరువును భరించేవారని, తర్వాత అది 3 టన్నులకు పెరిగిందని ఆయన చరిత్ర రాసినవారు లెక్క చెప్పారు. మద్రాసు చేరి సైదాపేటలో వ్యాయామ ఉపాధ్యాయ శిక్షణ పొందారు. సర్టిఫికెట్టు పట్టుకొని విజయనగరం తిరిగివచ్చి, తాను చదివిన హైస్కూలులోనే వ్యాయామ శిక్షకుడుగా చేరారు. ఉద్యోగం స్థిరమైనది. నెల తిరిగితే జీతం. పిల్లలచేత కవాతు చేయిస్తూ, వయసు మళ్ళాక పింఛను తీసుకొంటూ బతకదగ్గ బతుకే. అందులో ఆయన ఎక్కువ కాలం నిలవలేదు.

సర్కస్ డేరా

పొట్టి పంతులు అనే మిత్రుడు ఇచ్చిన సలహా మీద రామ్మూర్తి సర్కస్ కంపెనీ పెట్టారు. ఈ ఆలోచన వెనుక కాలం కూడా ఉంది. మన దేశస్థుడు నడిపిన మొదటి సర్కస్ మహారాష్ట్రుడైన విష్ణుపంత్ ఛత్రేది, 1880 నాటిది. ఆ తర్వాత కేరళలోని తలశ్శేరిలో కీలేరి కున్హికణ్ణన్ పిల్లలకు సర్కస్ విద్యలు నేర్పే బడి పెట్టారు. 1893లో తూర్పు తీరం వెంట రైలు నడిచింది. డేరాలు, బోనులు, గుర్రాలు, ఏనుగులు ఊరి నుంచి ఊరికి తరలించడం రైలు వల్లనే సాధ్యమైంది. 1904–05లో యూరప్ బలశాలి యూజిన్ శాండో మన దేశం వచ్చి ప్రదర్శనలిచ్చి వెళ్ళాడు. కండలు చూపడానికి టిక్కెట్టు పెట్టవచ్చని, ఆ టిక్కెట్టుకు జనం ఎగబడతారని ఈ దేశానికి తెలిసివచ్చింది. 1905లో బెంగాలు విభజన, దానితో స్వదేశీ ఉద్యమం. దొరల కంటె మనవాడు బలవంతుడని కళ్ళారా చూడాలని జనం తహతహలాడుతున్న సమయం అది.

అలాంటి సమయంలో రంగంలోకి వచ్చిన రామ్మూర్తిని ఉత్తరాదివారు ప్రొఫెసర్ రామ్మూర్తి అన్నారు. ఆ రోజుల్లో సర్కస్ పెద్దలకు, మల్లులకు ఆ మాట బిరుదు లాంటిది. తెలుగువారు కలియుగ భీముడు అన్నారు. తుని రాజావారి సాయంతో 1912లో మద్రాసులో ప్రదర్శన ఇచ్చాక కంపెనీ నిలదొక్కుకొంది. అంతకుముందు డబ్బుకు ఇబ్బంది పడని రోజు లేదు. సర్కస్‌లో మనుషుల కంటె ముందు మృగాలకు మేత పెట్టాలి. ఒకరోజు వాన పడి ఆట ఆగితే ఏనుగు ఆకలి ఆగదు.

ఆయన ప్రదర్శనల గురించి చెప్పేవారు మంత్రశక్తి అనేదాకా పోతారు. అందులో ఉన్న విద్య ఏమిటో కొంచెం నెమ్మదిగా చూస్తే ఆయన గొప్పతనం తగ్గదు, పెరుగుతుంది.

ఏనుగు సంగతే తీసుకొందాం. బలశాలి వెల్లకిల పడుకొంటాడు. రొమ్ము మీద మందమైన పొడవాటి చెక్క వేస్తారు. ఆ చెక్క మీదుగా ఏనుగు నడిచి వచ్చి నిలబడుతుంది. పెద్ద ఏనుగు బరువు 3 టన్నుల పైచిలుకు. ఆ బరువు ఒక్క పాదం ద్వారా ఒక్కచోట దిగితే ఏ రొమ్మూ నిలవదు. చెక్క దానిని రొమ్మంతా పరుస్తుంది. చెక్క కొస నేలను తాకి ఉంటే కొంత భారం నేల మీదకు పోతుంది. ఈ ఏర్పాటు ఉన్నా మిగిలిన భారం మామూలు మనిషి పక్కటెముకలను పుల్లల్లా విరిచేస్తుంది. ఇక్కడ పనిచేసేది ఊపిరి. నిండా గాలి పీల్చి, గొంతు బిగించి, పొట్ట కండరాలను రాయిలా చేస్తే ఛాతీ గాలి నింపిన సైకిలు ట్యూబులా గట్టిపడుతుంది. భారాన్ని ఎముకలతో పాటు లోపలి గాలి కూడా మోస్తుంది. ఒక్క క్షణం ఊపిరి జారిందా, అంతే. మన పెద్దలు వాయుస్తంభన అన్నది ఈ పట్టునే. రామ్మూర్తి ప్రాణాయామాన్ని ఏళ్ళ తరబడి సాధన చేశారు. ఏనుగును 5 నిమిషాలు నిలిపేవారని చెప్పుకొనేవారు. గడియారం పట్టుకొని చూసినా, చూడకపోయినా, చూస్తున్న జనానికి ప్రతి క్షణమూ నిమిషంగానే తోచి ఉంటుంది.

ఇక కార్లు. రెండు చేతులకు, లేదా భుజాలకు, గొలుసులు కట్టి ఆ గొలుసులను చెరో పక్కనున్న కార్లకు తగిలిస్తారు. రెండు కార్లూ ఎదురెదురు దిక్కులకు లాగుతాయి. 1908లో వచ్చిన ఫోర్డు కంపెనీ టి మోడల్ కారు శక్తి 20 గుర్రాలు. నేటి కార్లతో పోలిస్తే తక్కువే. చక్రం నేలను పట్టినంత మేరకే లాగగలదు, పట్టు తప్పితే దుమ్ము లేపుతూ అక్కడే తిరుగుతుంది. కాని ఆ పట్టు తప్పేదాకా వచ్చే ఈడ్పు అంతా మధ్యనున్న మనిషి కీళ్ళలో నుంచే పోవాలి. భుజం కీలు ఊడకుండా రెండు పక్కల ఈడ్పును సమంగా తన గుండె దగ్గర కలుపుకోవడం కండబలం ఒక్కదానితో అయ్యేది కాదు. ఎప్పుడు బిగించాలో, ఎప్పుడు వదలాలో ఒళ్ళు తనంతట తాను తెలుసుకొని ఉండాలి.

అప్పటి వైస్రాయి లార్డ్ మింటో తన కారును ఆపి చూపమని పందెం వేశాడని, కారు అంగుళం కదలలేదని ఒక కథ ఆంధ్రదేశమంతా పాకింది. మింటో వైస్రాయిగా ఉన్నది 1905 నుంచి 1910 దాకా. తెల్లదొరల పాలనలో, దొర స్వయంగా నడిపే బండిని ఒక తెలుగువాడు కదలనివ్వలేదన్న మాటను జనం ఎంత ఇష్టంగా చెప్పుకొని ఉంటారో ఊహించుకోవచ్చు.

ఈ బలమంతా శాకాహారం మీద పెరిగిందన్నది ఆనాటివారిని మరింత ఆశ్చర్యపరిచింది. మాంసం తినని జాతి బలహీనమైనదని దొరలు రాసుకొన్న రోజులవి. ఉత్తరాది వ్యాయామశాలల్లో రామ్మూర్తి పేరు నిలిచింది ముఖ్యంగా ఇందుకే. దండీలు, బస్కీలు, ప్రాణాయామం చాలునని, సీమ నుంచి వచ్చే ఇనుప సామగ్రి అక్కరలేదని చెప్పేవారికి ఆయన నిలువెత్తు సాక్ష్యంగా కనిపించారు. పూనాలో లోకమాన్య బాలగంగాధర తిలక్ ఆయన ప్రదర్శన చూసి మల్లమార్తాండ బిరుదు ఇచ్చి, విదేశాలకు వెళ్ళి మన ప్రతిభ చూపమని ప్రోత్సహించారని ప్రతీతి. మదనమోహన మాలవ్యా ఆయనను ఆదరించినవారిలో ఉన్నారు. లండన్‌లో జార్జి చక్రవర్తి, మేరీ రాణి ఎదుట ప్రదర్శన ఇచ్చి ఇండియన్ హెర్క్యులిస్ అనిపించుకొన్నారన్నది తెలుగువారు గర్వంగా చెప్పుకొనే ఘట్టం. స్పెయిన్‌లో ఎద్దు కొమ్ములు పట్టి లొంగదీసిన కథ పిల్లలకు మరీ ఇష్టం.

దెబ్బలు

అందరూ చెప్పే కథలో ఇదంతా ఒకదాని తర్వాత ఒక విజయంగా వస్తుంది. విజయాల నడుమనున్న ఖాళీల్లోకి చూస్తే ఆయన వృత్తి ఎంత నిర్దయమైనదో తెలుస్తుంది.

గోదాలో కుస్తీ పట్టే పహిల్వానుకు ఎదుట ఒక మనిషే ఉంటాడు. ఓడితే మరో పట్టుకు అవకాశముంది. సర్కస్ మల్లుడికి ఎదుట ఉండేది ఏనుగు, ఇనుము, యంత్రం. వాటికి జాలి ఉండదు. అవి మనిషి అలసిపోయాడా, జ్వరంగా ఉన్నాడా చూడవు. పైగా ఈ పోటీ ప్రతిరోజూ జరగాలి, పెద్ద ఊళ్ళలో రోజుకు రెండుసార్లు కూడా. ఒక విదేశీ పర్యటనలో ఏనుగు కింద చెక్క విరిగి రామ్మూర్తి పక్కటెముకలకు దెబ్బ తగిలిందని, ఆస్పత్రిలో చాలా రోజులు ఉండవలసి వచ్చిందని చెప్తారు. బర్మాలో ఆయన కీర్తి చూసి ఓర్వలేనివారు ప్రాణం తీయబోయారన్న కథ కూడా ఉంది. ఊరు మారినప్పుడల్లా కొత్త జనం, కొత్త పందెం. నిన్నటి ఊళ్ళో ఆపిన కారు లెక్కలోకి రాదు. ఈ ఊళ్ళో మళ్ళీ ఆపి చూపాలి.

శిష్యుల సంగతీ చెప్పుకోవాలి. కలకత్తాలో రామ్మూర్తి డేరా వేసినప్పుడు భవేంద్రమోహన్ సాహా అనే బెంగాలీ కుర్రవాడు ఆట చూసి, ఇల్లు విడిచి ఆయన కంపెనీలో చేరాడు. రంగూన్, సింగపూర్, జావా దాకా సర్కస్‌తో తిరిగాడు. గురువు చేసే పనులన్నీ నేర్చుకొన్నాడు. పేరు వచ్చాక విడిపోయి, మరో బెంగాలీ సర్కస్‌లో చేరి భీమ భవానిగా దేశమంతా ప్రసిద్ధుడయ్యాడు. ఏనుగును రొమ్ము మీద ఎక్కించుకోవడంలో గురువును మించినవాడని బెంగాలీలు రాసుకొన్నారు. ఏ గురువుకైనా ఇందులో సంతోషమెంతో, కష్టమెంతో చెప్పడం సులభం కాదు. సర్కస్ యజమానికి మాత్రం ఇది నష్టమే. ఆ భవాని కూడా ఎక్కువ కాలం బతకలేదు. 1922లో, నలభై ఏళ్ళు నిండకముందే పోయాడు. గురువు తర్వాత పోవలసినవాడు గురువు కంటె ఇరవై ఏళ్ళు ముందు పోయాడు.

డబ్బు రాలేదా అంటే, దండిగా వచ్చింది. నిలవలేదు. వచ్చింది వచ్చినట్టు దానధర్మాలకు, అడిగినవారికి, జాతీయోద్యమంలో తిరిగేవారికి, డేరా ఖర్చులకు పోయింది. చేయి చాచినవాడిని వట్టి చేతులతో పంపలేదని వీరఘట్టం వైపు ఇప్పటికీ చెప్తారు. దాతృత్వాన్ని మెచ్చుకోవలసిందే. కాని ఒంటి బలమే మూలధనమైన వ్యాపారంలో ఆ ఒళ్ళు పడకేసిన నాటికి ఏం మిగులుతుందో ముందుగా లెక్క వేసి చెప్పే మనిషి ఆయన పక్కన లేకపోవడం విచారకరం. బహుశా ఉన్నా వినే స్వభావం కాదు. హైస్కూలు జీతం వదులుకొన్న మనిషి గదా!

ఇందులో రామ్మూర్తి ఒక్కరే కాదు. ఆయన కాలంవాడే గామా పహిల్వాన్. 1910లో లండన్ వెళ్ళి అమెరికా మల్లుడు రోలర్‌ను ఓడించాడు. పోలండు మల్లుడు జిబిస్కోతో రెండు గంటలకు పైగా తలపడ్డాడు. ఆ పోటీ తేలక, మళ్ళీ తలపడవలసిన రోజున జిబిస్కో రానేలేదు. 1928లో పటియాలాలో అదే జిబిస్కోను నిమిషం లోపే పడగొట్టాడు. పటియాలా మహారాజు పోషణలో వెలిగిన ఆ గామా, దేశ విభజన తర్వాత లాహోరులో కొడుకులను పోగొట్టుకొన్న దుఃఖంతో, జబ్బుతో, డబ్బు లేక కుంగిపోయి 1960లో కన్నుమూశాడు. మందులకు మన దేశపు పారిశ్రామికవేత్త ఘనశ్యామదాస్ బిర్లా సాయం పంపవలసి వచ్చింది. మల్లులను సాకినవారు సంస్థానాధీశులు. సంస్థానం ఉన్నంతవరకు మల్లుడు. రామ్మూర్తి సంస్థానానికి లోబడి ఉండకుండా టిక్కెట్టు కొన్న జనాన్ని నమ్ముకొన్నారు. చివరికి ఆయనకూ దిక్కయింది సంస్థానమే.

కాలు

రామ్మూర్తి కాలికి పుండు పడింది. మొదట్లో ఎవరూ పెద్దగా పట్టించుకొని ఉండరు. ఏనుగును మోసినవాడికి పుండొక లెక్కా! అది మానలేదు, ముదిరింది. నేడైతే సూదిమందుతో తగ్గే కురుపు ఆ రోజుల్లో మనిషిని తీసుకుపోయేది. పెన్సిలిన్ మన ఆస్పత్రులకు చేరింది రెండో ప్రపంచయుద్ధం తర్వాతనే. విషం పైకి పాకకుండా కాలు తీసివేయడమే వైద్యం. రామ్మూర్తి కాలు తీసివేశారు.

శస్త్రచికిత్సకు ఆయన మత్తు పుచ్చుకోవడానికి ఒప్పుకోలేదని, క్లోరోఫారం అక్కరలేదని చెప్పి, ప్రాణాయామంతో ఊపిరి బిగబట్టి కదలకుండా పడుకొన్నారని ప్రతీతి. ఆయన గురించిన కథలన్నిటిలో ఇది వేరుగా కనిపిస్తుంది. మిగిలిన కథల్లో డేరా నిండా జనం ఉంటారు, బ్యాండు మోగుతుంది, చివర చప్పట్లుంటాయి. ఇక్కడ ఒక బల్ల, ఒక వైద్యుడు, ఒక రంపం. రొమ్ము మీద ఏనుగు ఉన్నప్పుడు ఎలా పడుకొన్నారో అలాగే వెల్లకిల పడుకోవాలి. తేడా ఒకటే. అక్కడ కొంతసేపటికి ఏనుగు దిగిపోతుంది, మనిషి లేచి జనానికి నమస్కరిస్తాడు.

మామూలు మనిషికి కాలు పోతే నడక పోతుంది. రామ్మూర్తికి వృత్తి మొత్తం పోయింది. కార్లను ఆపాలంటే మడమలు నేలలో దిగాలి. ఏనుగును మోయాలంటే పడుకొన్నప్పుడు తుంటి, తొడలు, పాదాలు నేలను పట్టుకొని ఉండాలి. కుస్తీ సంగతి చెప్పనక్కరలేదు, పట్టంతా కాళ్ళ మీదనే. చేతులు ఉన్నాయి, రొమ్ము ఉంది, ఏళ్ళ తరబడి అలవరచుకొన్న ఊపిరి ఉంది. వాటిని వాడే దారి మూసుకుపోయింది. సర్కస్ అనేది యజమాని పేరు మీద నడిచేది. ఆయనే రంగం మీద లేకపోతే ఇంకెవరిని చూడ్డానికి వస్తారు? పైగా కాలం కూడా మారింది. 1932లో తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ వచ్చింది. నాలుగణాలు చేతిలో ఉన్నవాడు డేరా వైపు వెళ్ళాలా, టాకీ వైపు వెళ్ళాలా అని ఆలోచించే రోజులు మొదలయ్యాయి. తెర మీద భీముడు ప్రతి ఆటలోనూ గద తిప్పుతాడు. ఆయనకు జ్వరం రాదు, కాలికి పుండు పడదు.

రామ్మూర్తి చివరి రోజులు గడిచింది పాట్నా సంస్థానంలో. పాట్నా అంటే బీహారు రాజధాని అనుకొని పొరబడేవారున్నారు. ఇది ఒరియా సంస్థానం, రాజధాని బలంగీరు. పొరుగునున్న కలహండి పేరు కలిపి కలహండి పాట్నా అని మనవారు వాడుకగా అంటారు. అప్పటి మహారాజు రాజేంద్ర నారాయణ సింగ్ దేవ్. తర్వాత 1967 నుంచి 1971 వరకు ఒడిశా ముఖ్యమంత్రిగా పనిచేసినది ఆయనే. ఆ సంస్థానం రామ్మూర్తిని ఆదరించి దగ్గర ఉంచుకొంది. ఇందుకు తెలుగువారు ఆ సంస్థానానికి రుణపడి ఉన్నారు. ఆయన ఇచ్చినదంతా పుచ్చుకొన్న ఊళ్ళు ఎన్నో ఉన్నాయి. ఆయన చేయి చాచవలసిన నాడు ఆశ్రయం దొరికింది కొండల అవతల.

ఆ రోజుల్లో అక్కడికి పోవడం అసాధ్యమేమీ కాదు. విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడ మీదుగా రాయపూరు పోయే రైలుమార్గం 1931 నాటికే పూర్తయింది. ఆ దారిలో టిట్లాగఢ్ దగ్గర దిగి బలంగీరు పోవచ్చు. ఆయన కుస్తీ నేర్చిన ఊరూ, కడసారి తల వాల్చిన సంస్థానమూ ఒకే రైలు పట్టాల మీదనున్నట్టే లెక్క.

1942 జనవరి 16న, సంక్రాంతి వెళ్ళీ వెళ్ళకముందే, రామ్మూర్తి నాయుడు బలంగీరులో కన్నుమూశారు. నిద్రలోనే పోయారంటారు. అరవై ఏళ్ళ వయసు. ఊపిరిని ఆపడం, వదలడం తెలిసిన మనిషి ఊపిరి అలా తెలియకుండానే ఆగిపోయింది.

అప్పుడు దేశం వేరే గొడవలో ఉంది. 1941 డిసెంబరులో జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. రంగూన్‌లో పెద్ద సంఖ్యలో ఉన్న తెలుగువారు, కూలికి పోయిన ఉత్తరాంధ్రవారు, ఓడల మీద కొందరు, అడవుల వెంట నడిచి కొందరు ప్రాణాలరచేత పట్టుకొని వెనక్కి వస్తున్నారు. ఒకప్పుడు రామ్మూర్తి డేరా ముందు కిక్కిరిసిన జనంలో ఆ కూలీలు, వారి తండ్రులు ఉండే ఉంటారు. మార్చి నాటికి రంగూన్ జపాను వశమైంది. ఏప్రిల్ 6న విశాఖపట్నం మీదనే బాంబులు పడ్డాయి. ఇలాంటి ఏడాదిలో ఎక్కడో కొండల అవతల సంస్థానంలో ఒక ముసలి మల్లుడు పోయాడంటే పట్టించుకొనే తీరిక ఎందరికి ఉంటుంది!

తీరిక దొరికాక తెలుగువారు ఆయనను మరువలేదు. శ్రీకాకుళంలో క్రీడా మైదానానికి ఆయన పేరు పెట్టారు. విశాఖపట్నం సముద్రతీరాన ఆయన విగ్రహం నిలిపారు. ఆ నేల మీద బలం పుట్టడం కూడా ఆగలేదు. విజయనగరం దగ్గర నెల్లిమర్ల మండలంలోని కొండవెలగాడ ఊరు ఊరంతా బరువులెత్తేవారికి పేరు పడింది. ఆమదాలవలస పక్క ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో బరువులెత్తి కంచు పతకం తెచ్చింది. వీరఘట్టం నుంచి అది ఎంతో దూరం లేదు.

విగ్రహాల్లో, పాత పుస్తకాల బొమ్మల్లో కనిపించే రామ్మూర్తి నాయుడు మంచి వయసులోవారు. విశాలమైన రొమ్ము, తిప్పిన మీసం, వరుసగా పెట్టుకొన్న పతకాలు. బలంగీరులో ఒంటికాలితో కూర్చున్న పెద్దమనిషి బొమ్మను ఎవరూ వేయించలేదు.